సువైక్ తుపాకుల ట్రస్టు

1975లో ఒమన్‌లోని అల్ సువైక్‌లో, ఖర్జూరం వ్యాపారం చేసే ఒక కంపెనీలో లీగల్ అసిస్టెంటుగా చేరాను. అంతకుముందు రాజమండ్రిలో ఒక ప్లీడరు దగ్గర దస్తావేజులు రాసేవాణ్ణి. ఏడాది తిరక్కముందే యజమాని పోయారు. ఆయన కొడుకుల్లో పెద్దవాడు సాలెం, చిన్నవాడు హమద్. తోటలు, దుకాణాలు పంచుకోవడంలో పేచీ రాలేదు. తండ్రి వదిలివెళ్లిన పాత రైఫిళ్ల దగ్గర వచ్చింది.

తుపాకీ లైసెన్సు మనిషి పేరున ఉంటుంది. ఆ మనిషి పోతే, వారసులు తేల్చుకునేదాకా ఆయుధాన్ని పోలీసు స్టేషన్లో జమ చేయాలి. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. మా తాతగారి తుపాకులు అలాగే స్టేషన్‌కు వెళ్లాయి. లైసెన్సు ఎవరి పేరున ఉండాలని పెదనాన్నగారూ మా నాన్నగారూ కోర్టుకెక్కారు. ఎస్టేటులో మిగిలిందంతా అక్కడే కరిగిపోయింది. తుపాకులు తిరిగి రాలేదు. మా వంశం గురించి ఇంతకుమించి చెప్పను.

రైఫిళ్లను వక్ఫ్ చేయమని సలహా ఇచ్చాను. వక్ఫ్ మన ట్రస్టు వంటిది. ఆస్తి ఎవరికీ సొంతం కాదు, అమ్మడానికీ పంచడానికీ వీల్లేదు. ధర్మకర్తలు కాపాడతారు, అంతే. ఆయుధాలను వక్ఫ్ చేయడం వాళ్లకు కొత్త కాదు కనుక కాజీ వెంటనే ఒప్పుకున్నాడు. పోలీసు అధికారి మాత్రం, ఏదైనా జరిగితే నేనెవరిని పిలవాలి అని అడిగాడు. సరైన ప్రశ్న. ట్రస్టు సొంతదారు కాగలదు గాని స్టేషన్‌కు నడిచి రాలేదు. అందుకని అన్నదమ్ములిద్దరినీ ధర్మకర్తలుగా పెట్టి, లైసెన్సు ఇద్దరి పేర్ల మీదా తీసుకున్నాం. ఇనప్పెట్టెకు రెండు తాళాలు, చెరొక తాళంచెవి. ఇద్దరూ ఎదురుగా లేకుండా పెట్టె తెరవకూడదని దస్తావేజులో రాశాను.

మా డ్రైవరు మల్లేశంది కరీంనగర్ జిల్లా. నన్ను ఆటపట్టించడం అతనికి సరదా. "తుపాకులు అరబ్బులయి, పెత్తనం నీదా దొరా?" అన్నాడు.

మరుసటి వేసవిలో పక్కతోట వాళ్లు కాలువ నీళ్లు మళ్లించుకున్నారు. హమద్ ఊగిపోతూ ఆఫీసుకొచ్చాడు. సాలెం ఆ రోజు పక్క పట్టణం ఖబూరాలో ఉన్నాడు. అన్నగారి తాళం పగలగొట్టే హక్కు ధర్మకర్తగా తనకుందని కాగితం రాసిమ్మన్నాడు. కాగితం లేనిదే కమ్మరి పెట్టె ముట్టుకోనన్నాడట.

"అవి మా నాన్న బందూకులు," అన్నాడు. మేం మాట్లాడుకునేది హిందీలోనే.

"మీ నాన్నగారివి కావు, మీవీ కావు. మీరు కాపలాదారు."

"నీ వీసా నా చేతిలో ఉంది. రేపే బొంబాయి ఓడ ఎక్కిస్తా."

"ఎక్కించండి. అప్పుడు కూడా రెండో తాళంచెవి మీ అన్నగారి దగ్గరే ఉంటుంది."

నేను కుర్చీలోంచి లేవలేదు. అతను తలుపు విసిరికొట్టి వెళ్లిపోయాడు.

"అయిపాయె దొరా, నౌకరి పాయె. సామాను సదురుకో," అన్నాడు మల్లేశం.

"సామాను సంగతి తర్వాత. బండి తియ్యి, ఖబూరా పోవాలి," అన్నాను.

సంగతి విని సాలెం మాతో బయలుదేరి వచ్చాడు. తమ్ముణ్ణి తిట్టలేదు. తన తాళంచెవి బల్ల మీద పెట్టి, "తెరుద్దాం. ఎవరిని కాల్చాలో ముందు పేరు చెప్పు," అన్నాడు. ఆ మాత్రం అరబ్బీ నాకు వచ్చు. హమద్ చాలాసేపు నీళ్ల గురించే మాట్లాడాడు. పేరు మాత్రం చెప్పలేకపోయాడు. మర్నాడు ఇద్దరూ ఆ ప్రాంతపు అధికారి అయిన వాలీ దగ్గరికి ఫిర్యాదుతో వెళ్లారు. నీళ్ల వంతు మళ్లీ ఖాయమైంది. నా వీసా గడువు వచ్చినప్పుడు హమదే సంతకం పెట్టాడు.

ఆ తర్వాత తుపాకులకు ట్రస్టు రాయించుకోవాలని చాలామంది నా దగ్గరికి వచ్చారు. అది లైసెన్సు బెడద లేకుండా ఆయుధం చేతికొచ్చే దారి అనుకునేవారు. అలాంటివాళ్లను తిప్పి పంపాను. తుపాకీని ట్రస్టులో పెట్టేది, కోపం వచ్చిన మనిషి దాన్ని అందుకునేముందు ఇంకొకరిని అడగక తప్పకుండా చేయడానికి. ఆ ఇంకొకరి పేరు లేని దస్తావేజు, ఎంత చక్కగా రాసినా, పనికిరాదు.