ఒకరు బయట ఉండాలె

మా అవ్వ పోయిన ఆదివారం ఎంకపల్లిలో, తన మంచం మీదే కన్నుమూసింది. ఏడుపుల మధ్యలోనే చిన్నాన్న ఫ్లెక్సీకి ఫోటో కావాలన్నాడు. అందరి ఫోన్లూ వెతికాం. పెళ్లిళ్లు, క్రిస్మస్‌లు, పుట్టినరోజులు అన్నీ ఉన్నాయి గానీ ఒక్కదాంట్లోనూ అవ్వ లేదు. చివరికి ఆమె ట్రంకుపెట్టెలోని పాత ఫోటోనే దిక్కయింది.

అందులో అవ్వ గౌను వేసుకున్న చిన్నపిల్ల. కరువుకు బీదర్ దిక్కు నుంచి నడిచొచ్చి, మొయినాబాద్ దగ్గర ఒక తోటలో పనికి కుదిరిన కుటుంబం మొత్తం గుడిసె ముందు నిలబడి ఉంది. మధ్యలో కుర్చీలో తల్లి, ఆమె ఒడిలో పసివాడు. వాడి చెయ్యి అవ్వ చేతిలో ఉంది. వాడు నిద్రపోతున్నాడనే అనుకునేదాన్ని.

ఒకసారి అడిగితే, అవ్వ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలెత్తకుండానే చెప్పింది.

"నిద్ర గాదు బిడ్డా. మా తమ్ముడు పొద్దుగాలనే పాణం ఇడిసిండు. గుర్తుకుంటదని చర్చి అయ్యగారు చేవెళ్ల నుంచి ఫోటోలాయనను పిలిపిచ్చిండు. అందరం నిలవడ్డం, ఒక్కలు తక్కువ లేకుంట. వాని చెయ్యి సల్లగ ఉండె. మల్ల వానలు పడంగనే అమ్మ గూడ పోయింది."

ఇంకో కాయ అందుకుంటూ, "అందరు ఒక్కతాన నిలవడొద్దు. ఒకలు బయట ఉండాలె" అంది.

ఆ ఒకరు ఎప్పుడూ తనే. ప్లాట్ల బ్రోకర్లను గేటు దగ్గరే దులిపేసి పంపే మనిషి, ఎవరైనా ఫోటోకని ఫోన్ ఎత్తితే చాలు వంటింట్లో దూరేది. మేకప్ వేసుకుంటున్నావా అవ్వా అని ఆటపట్టించేవాళ్లం. నేనూ నవ్వేదాన్నే గానీ, ఆమె భయం నాకూ అంటుకుంది. వరసలో నిలబడ్డానంటే వంటింట్లో గిన్నెల చప్పుడు వినబడేదాకా నా గుండె దడదడలాడేది. ఫోటో అయిపోగానే అవ్వ బయటికొచ్చి ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని చూసేది. నా పెళ్లిలోనూ అంతే, మెహందీ ఆరకముందే పట్టుకుని పాడుచేసింది. మమ్మల్ని అలా భయంభయంగానే కాచుకుంది. ఆ రుణం ఎలా తీరుతుందో నాకు తెలియదు.

మట్టికి తీసుకెళ్లే ముందు శవపెట్టె చుట్టూ ఇంటివాళ్లంతా ఫోటో దిగడం మావాళ్లలో ఇప్పటికీ ఉంది.

"అందరు రాండ్రి. జర దగ్గర్కి జరుగుండ్రి" అన్నాడు ఫోటోగ్రాఫర్.

అందరూ వచ్చారు. నా కూతురు పెట్టె మీద చెయ్యి ఆనించి నిలబడింది. వంటింట్లో ఏ చప్పుడూ లేదు. చదువుకున్నదాన్ని, ఇదంతా పిచ్చి అని తెలుసు. అయినా అమ్మ చెయ్యి విడిపించుకుని పక్కకు వచ్చేశాను. చిన్నాన్న కోప్పడ్డాడు. అమ్మ మాత్రం నా వైపు ఒకసారి చూసి కెమెరా వైపు తిరిగింది.

ఆ ఫోటోలో అమ్మకూ నా కూతురికీ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది.

ఫోటో అయ్యాక వెళ్లి ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని చూశాను. అమ్మది, చిన్నాన్నది, నా కూతురిది, అన్నీ వెచ్చగానే ఉన్నాయి. చివరికి పెట్టెలోకి వంగి అవ్వ చెయ్యి పట్టుకున్నాను.