లైను తీసేశాక

అమెరికాలోని ఐడహోలో ఒక కొండ మీద, దూరపు రేడియో పిలుపులను అందుకుని మళ్లీ పంపే హామ్ రేడియో రిపీటర్ ఉండేది. అడవిలోంచి చేతి రేడియోలో పిలిస్తే, అది ఫోన్ లైనుకు కలిపి అంబులెన్సును రప్పించేది. దాన్ని చూసుకునేది వెర్నా.

ఫోన్ కంపెనీ ఆ లైను తీసేసిన వారంలోనే, లోయలో ట్రక్కు బోల్తాపడి పొరుగాయన ఓర్విల్ రేడియోలో పిలిచాడు. గొర్రెలకు మేత వేసొచ్చిన వెర్నాకు చివరి మాటే వినబడింది: "ఎవరైనా పలకండయ్యా!"

"వస్తున్నా అన్నా!" అని అరిచింది. లోయంతా వెతికింది. ట్రక్కు కనబడేసరికి అతని ప్రాణం పోయింది.

ఆనాటి నుంచి రేడియోలోని ఉత్త గరగరలోనూ ఆమెకు అతని గొంతే. సెల్‌ఫోన్ కొని, మంచులో కొండెక్కి, పోయిన లైనుకు బదులుగా రిపీటర్‌కు తగిలించబోతే మరిది లాయిడ్ దెప్పాడు: "పోయినోడు తిరిగొస్తాడా వదినా?"

"రాడు. ఇంకొకరు పోకూడదుగా!"

వసంతంలో కాలు విరిగిన వేటగాడు పిలిచాడు. "చెప్పండి, ఎక్కడున్నారు?" అని అంబులెన్సు వాళ్ల గొంతు వెంటనే పలికింది. ఇంట్లో రేడియో ముందు వెర్నా బావురుమంది.