నా తప్పుల నోట్‌బుక్

తెలంగాణ ఉద్యమం రోజుల్లో నేను యూనివర్సిటీలో సంగీతం డిప్లొమా చదువుతున్నాను. పాఠం కాగానే ఎవరి తప్పులు వాళ్లే నోట్‌బుక్‌లో రాసి చూపించమనేవారు మా సారు. "దిద్దుకోవడానికేనమ్మా, మార్కులకు కాదు" అన్నారు. నమ్మి, తాళం తప్పిన ప్రతిసారీ రాశాను. దిద్దుకున్నాను కూడా.

బంద్‌ల వల్ల పాడి చూపించే ప్రాక్టికల్స్ రద్దయ్యాయి. సారు ఆ నోట్‌బుక్‌లు చూసే మార్కులేశారు. ఒక్క తప్పూ రాయని నా స్నేహితురాలు ఫస్టు, నేను ఫెయిలు!

ఒళ్లు మండి తార్నాకలో సారింటికి వెళ్లాను. "మార్కులకు కాదన్నరు కద సార్?"

"నేనేం చేయనమ్మా? అది నీ చేతిరాతే కదా!"

ఇప్పుడు నేనూ సంగీతం టీచర్నే. పిల్లల చేత తప్పులు రాయిస్తాను. మార్కులేసే రోజు మాత్రం ఆ నోట్‌బుక్‌లు మూసేసి, "పాడు బిడ్డా" అంటాను. ఆ రోజు తన గుమ్మంలో నిలబడ్డ నాతో సారు ఆ ఒక్క మాట అనలేదు.