అత్త బిగించిన నట్టు

మా అత్త బిగించిన నట్టు గురించి మళ్ళీ ఆలోచించక్కర్లేదని మా నాన్న అంటూ ఉంటాడు. అడిగినా అంటాడు, అడక్కపోయినా అంటాడు. అత్త నాన్నకు సొంత చెల్లెలు. మా వీధి చివర రేకుల షెడ్డులో పాత జీపులూ వ్యాన్లూ బాగుచేస్తుంది. షెడ్డుకు వచ్చేవాళ్ళు ఆమెను పట్టుకారు అక్క అంటారు. పని పట్టుకుంటే వదలదు కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరు చెబుతారు. మాట పట్టుకుంటే అంతకన్నా వదలదని, ఆమెతో ఒకసారి వాదించినవాళ్ళు చెబుతారు.

ఆమె ఈ పనిలోకి రావడానికి కారణం మా నాన్న బొజ్జ. నాన్న ఆసుపత్రిలో జీపు డ్రైవరుగా చేరిన కొత్తలో బండి తరచూ మొండికేసేది. కిందికి దూరి చూద్దామంటే నాన్న పట్టేవాడు కాదు. అందుకని సన్నగా ఉండే చెల్లెల్ని పంపించి, తను బయట గొంతుక్కూర్చుని "ఏం కనిపిస్తోంది?" అని అడిగేవాడు. ఆమె చెప్పేది. కొన్నాళ్ళకు ఆయన అడగడం మానేశాడు. ఆమె చెప్పడం మానేసి బాగుచెయ్యడం మొదలుపెట్టింది. పెళ్ళయ్యాక మామయ్య, "నీకూ వంట రాదు, నాకూ రాదు. వచ్చిన పనైనా చేసుకో," అని షెడ్డు వేయించాడు. ఆయన దర్జీ. ఇప్పటికీ అత్త పని చొక్కాలకు జేబులు ఆయనే కుడతాడు, ఏ పానా ఎక్కడ పెట్టుకుంటుందో కొలిచి మరీ.

అత్త పనిలో ఒక పద్ధతి ఉంది. నట్టు బిగించాక, నట్టు మీద నుంచి పక్కనున్న ఇనుము మీదికి తెల్లరంగుతో ఒక గీత గీస్తుంది. నట్టు వెంట్రుకవాసి తిరిగినా గీత విరిగినట్టు కనిపిస్తుంది. చుట్టుపక్కల మెకానిక్కులు కూడా ఆ గీత చెక్కుచెదరకుండా ఉంటే అక్కడ చెయ్యి పెట్టరు. "అక్క గీసింది, చూడక్కర్లేదు," అనుకుని పక్క జాయింటుకు వెళ్ళిపోతారు. ఆ నమ్మకమే చివరికి మా నాన్న మెడకు చుట్టుకుంది.

నాన్న నడిపేది నాలుగు చక్రాలూ లాగే పాత జీపు. నర్సమ్మనూ మందుల పెట్టెలనూ ఎక్కించుకుని కొండ మీది ఊళ్ళకు వెళ్ళి వస్తుంది. వానలు వెలిశాక అది కొత్త చేష్టలు మొదలుపెట్టింది. కాస్త వేగంలో ఉండగా ముందు చక్రం గుంటలో పడితే చాలు, స్టీరింగు చేతుల్లో జల్లెడలా ఆడిపోయేది. బండిని దాదాపు ఆపేస్తే తప్ప ఊరుకునేది కాదు. ఆసుపత్రి వాళ్ళు ఎప్పుడూ చూపించే గ్యారేజీలో టైర్లు మార్చారు. స్టీరింగు కుదుపును మింగే చిన్న షాకబ్జార్బరు కొత్తది వేశారు. కొన్నాళ్ళు బాగుంది. మళ్ళీ మొదటికొచ్చింది.

ఇక బండిలో ఏ లోపమూ లేదని గ్యారేజీ తేల్చేసింది. లోపం బండిలో లేకపోతే నడిపేవాడిలో ఉండాలి. బళ్ళు చూసుకునే సూపర్వైజరు నాన్నను పిలిచి, వయసు మీద పడుతోంది, చేతులు వణుకుతున్నట్టున్నాయి, సోమవారం జీపు తాళం అప్పగించి గేటు దగ్గర కూర్చోమన్నాడు.

నాన్న ఎదురు చెప్పలేదు. ఆయన తీరు తెలిసిన మాకు అందుకే భయం వేసింది. ఇంటికొచ్చి, గ్లాసు నిండా నీళ్ళు పోసుకుని, చెయ్యి చాచి పట్టుకుని, నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు.

"తాగుతారా, జాతకం చెప్తారా?" అంది అమ్మ.

నాన్న గ్లాసు దించలేదు. నీళ్ళు నిశ్చలంగానే ఉన్నాయి. ఆయన కళ్ళకు మాత్రం కదులుతున్నట్టే ఉంది. అమ్మ వెంటనే అత్తను పిలిపించింది.

"బండి నా దగ్గరికి తేవడానికి ఏం రోగం?" అంది అత్త వస్తూనే.

"తెచ్చి ఏం చూపించను చిట్టీ? ముందు భాగమంతా పోయినేడు నువ్వు చేసిందేగా. నువ్వు చేశాక ఇంక చూసేదేముంది?"

"వణికే చేతులు గుంట కోసం కాచుకుని కూర్చోవు అన్నయ్యా. అన్నం తినేటప్పుడూ వణుకుతాయి. లే, బండి తీసుకురా."

ఆదివారం పొద్దున జీపు షెడ్డులోకి వచ్చింది. గేటు దగ్గరి మనిషిని మార్చొచ్చు గానీ నా డ్రైవర్ని మార్చడానికి వీల్లేదంటూ నర్సమ్మ కూడా వచ్చింది.

అత్త మొదట జాకీ మీద ముందు చక్రాలు లేపింది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపింది. బేరింగులు గట్టిగా ఉన్నాయి. రెండు పక్కలా పట్టుకుని ఊపితే, చక్రాల్ని స్టీరింగుతో కలిపే టై రాడ్డు జాయింటు ఒకటి కాస్త వదులుగా తగిలింది. దాన్ని మార్చి, వీధి చివరి దాకా నడిపి చూసింది. అదే ఆట. తిరిగొచ్చి, గ్యారేజీ వాళ్ళు వేసిన కొత్త షాకబ్జార్బరును విప్పి పక్కన పెట్టింది.

"ఇది నొప్పి మాత్ర లాంటిది. ఇది ఉన్నంతసేపూ రోగం ఎక్కడుందో తెలీదు. జాకీ కూడా వద్దు, దింపేద్దాం. చక్రాలు గాల్లో ఉంటే కొన్ని కీళ్ళు బుద్ధిమంతుల్లా ఊరుకుంటాయి. బరువు పడితేనే బయటపడతాయి."

"మా ఆయనా అంతే," అంది నర్సమ్మ. "గ్యాసు బండ మొయ్యమంటేనే నడుంనొప్పి బయటపడుతుంది."

నాన్న సీట్లో కూర్చుని, ఇంజను ఆపి, స్టీరింగును కొంచెం అటూ కొంచెం ఇటూ ఊపుతూ ఉన్నాడు. అత్త కింద పడుకుని ఒక్కో జాయింటు మీదా అరచెయ్యి ఆనించి ఉంచింది. కంటికి కనపడని వదులు చేతికి తెలుస్తుందట. ఒకచోట తెల్లగీత కనిపించింది. చెయ్యి అక్కడ ఆగకుండా దాటిపోయింది. మిగతావన్నీ చూసింది. ఏదీ దొరకలేదు.

"అన్నయ్యా, ఇంకోసారి ఊపు."

ఈసారి చెయ్యి గీత ఉన్న జాయింటు మీదే ఉంది. ముందు ఇరుసు పక్కకు జరగకుండా బండి చట్రానికి బిగించి ఉంచే పొడవాటి అడ్డ రాడ్డు అది. దాని చివర, ఇనుముల మధ్య మెత్తలా, రబ్బరు బుష్షు ఉంటుంది. గీత విరగలేదు, నట్టు కదల్లేదు. లోపల రబ్బరు మాత్రం చిరిగిపోయి, స్టీరింగు కదిలినప్పుడల్లా రాడ్డు అటూ ఇటూ కొట్టుకుంటోంది.

అత్త బయటికి వచ్చి నేల మీదే కూర్చుంది.

"ఈ బుష్షు వేసింది నేనే. కొండ మీద ఎవరికో పురిటి నొప్పులని నర్సమ్మ తొందరపెట్టిన రోజు."

"కవలలు," అంది నర్సమ్మ.

"బండి జాకీ మీద ఉండగానే బిగించేశాను. దింపి, బరువు పడ్డాక బిగించాలి. గాల్లో బిగిస్తే, దింపినప్పుడు రబ్బరు మెలిపడుతుంది. మెలిపడ్డ రబ్బరు ఎన్నాళ్ళాగుతుంది?"

"రబ్బరన్నాక ఎండకీ నీళ్ళకీ చిరుగుతుంది," అన్నాడు నాన్న గబగబా.

"ఎండకి కాదు. నా వల్ల. బండి ఊగినప్పుడు నీకు ఒక్కసారి కూడా నా పని మీద అనుమానం రాలేదా?"

"నీ గీత ఉందిగా."

"గీత ఉంటే? నీ చేతుల్ని అనుమానిస్తావా?"

నాన్న స్టీరింగు వదలకుండా అలాగే కూర్చున్నాడు. చెల్లెలు బిగించిన నట్టును శంకించడం కన్నా తన చేతులు పాడయ్యాయనుకోవడమే ఆయనకు తేలికైంది. అత్త బండిని మళ్ళీ జాకీ మీదికి లేపింది. కొత్త బుష్షు వేసి, నట్టును వేలితో తిప్పి వదిలేసి, బండిని కిందికి దింపింది. ముందుకూ వెనక్కూ రెండుసార్లు తోయించి, అది తన బరువు మీద కుదురుకున్నాకే పానా చేత పట్టింది.

సోమవారం పొద్దున అత్త చిరిగిన బుష్షు పట్టుకుని ఆసుపత్రి ఆవరణలోకి నడిచింది. నాన్న తాళంతో ఆమె వెనక, నేను ఆయన వెనక. డ్యూటీ ఎక్కబోయే డ్రైవర్లందరూ అక్కడే ఉన్నారు. వాళ్ళలో సగం మంది ఆమె షెడ్డుకు వచ్చేవాళ్ళే. అత్త గొంతు తగ్గించకుండా, జాకీ మీద బిగించిన సంగతితో సహా, జరిగింది చెప్పింది.

సూపర్వైజరు బుష్షును అటూ ఇటూ తిప్పి చూశాడు. "మీ అన్న కాబట్టి వెనకేసుకొస్తున్నారమ్మా."

"వెనకేసుకు రావాలంటే తప్పు మీ గ్యారేజీ మీదికి తోసేదాన్ని. నా నెత్తిన పెట్టుకునే ఖర్మ నాకేంటి?"

వ్యాను డ్రైవరొకడు నెమ్మదిగా, "అక్కా, నా బండికీ బుష్షులు నువ్వే వేశావు," అన్నాడు.

"వేశాను. సాయంత్రం తీసుకురా. విప్పి చూస్తాను. బాగోకపోతే మళ్ళీ వేస్తాను."

ఆ క్షణంలో ఆమె నా అత్త అని అక్కడున్న ప్రతివాళ్ళకూ చెప్పాలనిపించింది. వాళ్ళందరికీ అది ముందే తెలుసు.

సూపర్వైజరు జీపులో నాన్న పక్కన కూర్చున్నాడు. అత్తా, నర్సమ్మా, నేనూ వెనకాల ఎక్కాం. ఆసుపత్రి వెనక రోడ్డు మీద, బండి ఎప్పుడూ తల విదిలించే గుంట ఉంది. అది కనపడగానే నాన్న కాలు అలవాటుగా బ్రేకు మీదికి వెళ్ళింది.

"వద్దు," అంది అత్త వెనక నుంచి.

నాన్న కాలు తీసేశాడు. చక్రం గుంటలో పడి లేచింది. స్టీరింగు ఒక్కసారి అదిరి నిలబడిపోయింది. నాన్న బండిని వెనక్కి తిప్పి, ఈసారి ఇంకాస్త వేగంగా అదే గుంటలోంచి పోనిచ్చాడు. సూపర్వైజరు తల పైకప్పుకు కొట్టుకుంది.

"చాలయ్యా, నమ్మాను," అన్నాడాయన నెత్తి తడుముకుంటూ.

ఆవరణలోకి వచ్చాక నాన్న దిగి, చెప్పిన రోజు సోమవారం కాబట్టి, తాళం ఆయన ముందు చాచాడు. చెయ్యి ఎంతసేపు చాచి ఉంచినా తాళం గలగలమనలేదు.

"నాకెందుకు? నాకు సైకిలే సరిగ్గా రాదు," అన్నాడు సూపర్వైజరు.

నర్సమ్మ మందుల పెట్టెలు ఎక్కించమంది. నాన్న పెట్టెలు సర్ది, బండెక్కి, కొండ దారి పట్టాడు. అత్త అప్పటికే వ్యాను డ్రైవరు వైపు తిరిగి, సాయంత్రం దాకా ఎందుకు, ఇప్పుడే తెమ్మంటోంది.