కృష్ణ గిన్నె, గోదావరి గిన్నె

ఆ రోజుల్లో నేను ఏ పని మొదలుపెట్టినా ముందు జాబితా రాసుకునేవాణ్ణి. జాబితాలో ఉన్నదే లోకంలో ఉన్నట్టు, లేనిది లేనట్టు. కాబట్టి ఆ ఆదివారం ఉదయం ఏలూరులో మా డాక్టరు మామయ్య ఆసుపత్రి వెనక గదిలో ఉన్నవాళ్ళనీ, ఉన్నవాటినీ వరసగానే చెబుతాను. మామయ్య, అత్తయ్య, జట్కా సాయిబు, మద్రాసులో బి.ఎస్సీ. ముగించి, ఉద్యోగం దొరికేదాకా మామయ్య దగ్గర రక్తాలూ కఫాలూ పరీక్షిస్తున్న నేను. కొల్లేరు వైపు నుంచి సాయిబు గోనెసంచిలో తెచ్చిన కప్పలు రెండు. పింగాణీ గిన్నెలు రెండు. ఉప్పు, నీళ్ళు, త్రాసు. మామయ్య స్టాప్ వాచీ. సీమ నుంచి ఓడలో వచ్చిన మందు బుడ్లు ఒక పెట్టె.

ఆ మందు అత్తయ్య కోసం తెప్పించింది. ఆవిడకు యాభై దాటాయి. నెలసరి ఆగినప్పటి నుంచి ఒంట్లో ఆవిర్లు, ఉన్నట్టుండి గుండె దడ. వాళ్ళమ్మగారు ఆ వయసులోనే, అలాంటి దడలే వస్తూ వస్తూ, ఒక మధ్యాహ్నం పప్పు రుబ్బుతూ రోటి ముందే పోయారు. మామయ్య ఆ సంగతి ఎప్పుడూ ఎత్తేవారు కాదుగాని, భోజనానికి కూర్చున్నప్పుడల్లా వడ్డిస్తున్న అత్తయ్య మణికట్టు మీద వేలు పెట్టేవారు. ఆడవాళ్ళ అండాశయంలో పుట్టే హార్మోను గుండె కణాలకు కూడా కాపు కాస్తుందనీ, అది తగ్గేసరికి గుండె బెదురుతుందనీ అప్పటి డాక్టర్లలో కొందరి ఊహ. ఆ హార్మోనే బుడ్లలో వచ్చింది. ఊరంతటి చేతా చేదు మందులు మింగించిన మామయ్య చేసిన పొరపాటల్లా, అది దేంట్లోంచి తీస్తారో అత్తయ్యకు నిజం చెప్పడం.

“ఏవండీ, ఊళ్ళోవాళ్ళకి అరకులు, నాకు మాత్రం చూలు గుర్రం పంచితమా అండీ?” అందావిడ. ఆ తరవాత ఆయన ఎన్ని విధాల బతిమాలినా సూది దగ్గరకు రానివ్వలేదు. (జట్కా సాయిబు మాత్రం ఈ వార్త విన్నాక తన ఆడగుర్రానికి రోజూ ఇంకో దోసెడు ఉలవలు పెట్టడం మొదలుపెట్టాడు.)

అప్పుడు నేను రంగంలోకి దిగాను. కప్పలోంచి తీసిన గుండె ఉప్పు నీళ్ళలో చాలాసేపు కొట్టుకుంటుంది. కప్ప లేకపోయినా తన పని తాను చేసుకుపోవడం ఆ కణాలకు తెలుసు. రెండు గిన్నెల్లో రెండు గుండెలు పెట్టి, ఒక దాంట్లో మాత్రం మందు కలుపుదాం అన్నాను. కప్పల మీద జాలితో అత్తయ్య కాసేపు నన్ను తిట్టి, చివరికి షరతు పెట్టింది. మందు గిన్నెలో గుండె ఎక్కువసేపు ఆడితే తను సూది పొడిపించుకుంటుంది. లేకపోతే ఆ మాట ఇంకోసారి ఎత్తకూడదు, మీ మామయ్యతో కూడా చెప్పు అంది. (మామయ్య ఆవిడ పక్కనే నిలబడి ఉన్నారు.)

ఉప్పు తూచాను. ఎదుటివాళ్ళకు విసుగు పుట్టేంత శ్రద్ధతో, రెండోసారి కూడా తూచాను. డిస్టిల్డు వాటరు సీసా ఖాళీగా ఉంటే వంటింటి వసారాలో బిందెలోంచి ముంచాను. అది అడుగంటితే రెండో గిన్నెకి పక్క బిందెలోంచి ముంచాను. మందు నూనెలో కలిపి వచ్చింది కనుక నీళ్ళలో కలవకుండా చారు మీద పోపులా తేలింది. బాగా తిప్పాను. పావుగంట రెండు గుండెలూ జోడెద్దుల్లా సాగాయి. తరవాత మందు గిన్నెలోది వెనకబడింది.

“గుర్రం మొదట మెల్లిగానే పోద్దండి, బాబుగారూ,” అన్నాడు సాయిబు ధైర్యంగా.

కాని ఆ గుర్రం అక్కడే ఆగిపోయింది. రెండోది భోజనాల వేళ దాటినా కొట్టుకుంటూనే ఉంది. మామయ్య వాచీ జేబులో వేసుకున్నారు. అత్తయ్య రెండు గిన్నెల్లోకీ వంగి చూసి, చాలా నెమ్మదిగా అడిగింది.

“ఒరేయ్ అబ్బాయ్, ఏ గిన్నెలోకి ఏ బిందెలోంచి ముంచావురా?”

ఆ ఇంట్లో రెండు బిందెలు ఎందుకున్నాయో నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఏలూరులో కృష్ణ కాలువా, గోదావరి కాలువా కలుస్తాయి. మామయ్యది కృష్ణ వైపు ఊరు. అత్తయ్యది తాడేపల్లిగూడెం, కాపురానికి వచ్చిన నాటి నుంచి గోదావరి కాలువ నీళ్ళు విడిగా తెప్పించుకుని తాగుతోంది. ముప్పై ఏళ్ళ కాపురంలో తెగని తగాదా అదొక్కటే. నా జాబితాలో మాత్రం ‘నీళ్ళు’ అని ఒకే మాట ఉంది. మందు గిన్నెలోవి కృష్ణ నీళ్ళు.

ఒకేసారి రెండు తేడాలు వచ్చాయి కనుక ఈ పరీక్ష చెల్లదనీ, ఏమీ తేలలేదనీ గొణిగాను.

“ఎందుకు తేలలేదురా? కృష్ణలో వేసింది ఆగింది, గోదావరిలో వేసింది ఆడుతోంది. దీనికి బి.ఎస్సీ. కావాలా?” అంది అత్తయ్య. తన గుర్రం కూడా గోదావరి నీళ్ళే తాగుతుందని సాయిబు సాక్ష్యం చెప్పాడు.

మామయ్య మందు బుడ్లు పెట్టెలో సర్దుతున్నారు. ఊళ్ళో ఎన్ని పుళ్ళు కోసినా చెదరని చెయ్యి, ఆ పెట్టెకి మూత పెట్టలేకపోతోంది. రెండుసార్లు జారింది. అత్తయ్య ఆ చేతిని చూసింది. తరవాత జాకెట్టు చెయ్యి పైకి మడిచి బల్ల మీద కూర్చుంది.

“ఏవండీ, వణక్కుండా పొడుస్తారా?”

“వణకదు.”

“అయితే రేపట్నుంచి ఈ ఇంట్లో ఒకటే బిందె. గోదావరిది.”

భార్య ప్రాణం దక్కించుకోవాలనుకునే మనిషికి అవసరమైన దానికన్నా కొంచెం ఎక్కువసేపే ఆలోచించి, మామయ్య “సరే” అన్నారు.

వారానికో సూది పడింది. వానలు తగ్గేసరికి దడ తగ్గింది. మందు పనిచేసిందో, నీళ్ళు పనిచేశాయో, ఆ వయసు గండం దానంతటదే దాటిందో, ఆ వణికిన చెయ్యి పనిచేసిందో తేల్చడానికి జాబితా వేసి, నాలుగో అంశం దగ్గర కలం ఆపేశాను. ఇప్పుడు నేను కాలేజీలో పిల్లల చేత ప్రయోగాలు చేయిస్తాను. నీళ్ళు ఎక్కడివని మొదటే అడుగుతాను. వాళ్ళు వెనక నవ్వుకుంటారని తెలుసు. త్రాసు ముందు అంత గంభీరంగా నిలబడ్డ ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది.

ఆ దసరాకి ఇద్దరి నాడీ చూశాను. అత్తయ్యది నిమిషానికి డెబ్బై రెండు. గోదావరి నీళ్ళు తాగుతున్న మామయ్యది తొంభై.