తొమ్మిదో నంబరు పలికింది

దెయ్యాల కబుర్లు చెప్పే పిల్లల్ని నేను గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు పరిగెత్తించేదాన్ని. హాస్టల్ స్నానాల గదిలో ఎవరో మూలుగుతున్నారని ఒకసారి పుకారు పుట్టింది. నేనే వెళ్లి, వాషరు పోయిన కుళాయి విప్పి, ఆ మూలుగు ఎక్కణ్ణుంచి వస్తోందో అందరికీ చూపించాను. మా తాతగారు మిషన్ బడిలో లెక్కల మాస్టారు. ఆయన దగ్గర పెరిగి దేవుణ్ణి నమ్మడం నేర్చుకున్నాను గానీ దెయ్యాల్ని నమ్మడం నేర్చుకోలేదు. ఇప్పటికీ నమ్మను. ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్లు పట్టింది అందుకే.

రెండువేల సంవత్సరం దాటాక కొన్నేళ్లకి జరిగింది. అప్పుడు ఏలూరులో కేథలిక్ ఫాదర్లు నడిపే ఒక కాలేజీలో అమ్మాయిల ఆటలకు నేను ఫిజికల్ డైరెక్టర్ని. అందరికీ పీడీ మేడంని.

ఆ కాలేజీలో చదువుకి ఎంత పేరుందో వాలీబాల్‌కీ అంత పేరుండేది. కాలేజీ పెట్టిన కొత్తలో జోజి ఫాదర్ అని ఒకాయన ఉండేవారట. ఇప్పటి గ్రౌండ్ అప్పట్లో వరిచేను. ఆయనా విద్యార్థులూ తట్టలతో మట్టి మోసి దాన్ని మెరక చేశారు. నెట్ దొరక్కపోతే కొల్లేటి జాలర్ల చేత అల్లించారు. ఆ నెట్ ముక్క ప్రిన్సిపాల్ గారి గదిలో అద్దాల బీరువాలో ఉండేది. అల్లికలో కన్నాలు వెడల్పుగా ఉండేవి గానీ, ముడి మాత్రం అచ్చం చేపల వల ముడే.

ఫాదర్ పోయి చాలా ఏళ్లయినా ఆయన పెట్టిన పద్ధతులు పోలేదు. ఏటా మొదటి రోజు నెట్ కట్టేది కెప్టెనే. కాలేజీ పండగ రోజు పాత ఆటగత్తెలు పిల్లల్ని చంకనేసుకుని వచ్చి, చీర కుచ్చిళ్లు దోపి, మా జట్టుతో ఒక సెట్టు ఆడి వెళ్లేవారు. ఓడిపోయి వచ్చేటప్పుడు రైల్లో ఆట మాట ఎవరూ ఎత్తకూడదు.

వీటన్నిటికన్నా పెద్దది లెక్క. మొదటి తరం జట్టు ఒకసారి లంక గ్రామంలో ఆడి పడవలో తిరిగొస్తూ, తమ వాళ్లలో ఒకణ్ణి ఒడ్డునే మరిచిపోయి వచ్చేసిందట. ఇకమీదట ఎవరినీ వదిలి కదలకూడదని ఫాదర్ కట్టడి చేశారు. ఆటకి దిగేముందు పన్నెండు మందీ గుండ్రంగా నిలబడి, పక్కవాళ్ల భుజాల మీద చేతులు వేసి, తమ చొక్కా నంబరు వరసగా పైకి చెప్పాలి. ఎవరైనా రాలేకపోతే ఆ ఏడాది ఆ నంబరు ఇంకొకరికి ఇవ్వం. వాళ్ల చోటు ఖాళీగా ఉంచి, ఆ నంబరు దగ్గర ఒక్క ఊపిరి ఆగి, తరవాతి వాళ్లు అందుకుంటారు. పీడీ వలయం బయట నిలబడి లెక్క వింటారు. కొత్తలో ఇదంతా నాకు చిన్నపిల్లల ఆటలా అనిపించింది. రెండేళ్లు తిరిగేసరికి అందరికన్నా నేనే పట్టుగా చేయించేదాన్ని.

ఆ ఏడాది మా తొమ్మిదో నంబరు పెద్దింట్లు. కొల్లేటి అమ్మవారి పేరు పెట్టుకున్న లంక పిల్ల. నెట్ దగ్గర నిలబడి బంతిని ఎంత ఎత్తులో కావాలంటే అంత ఎత్తులో లేపి ఇచ్చేది. పడవ మీద నుంచి పడవకి కేకలు వేసి పెరిగిందేమో, గొంతు కాస్త బొంగురు. వందమందిలో ఉన్నా ఆ గొంతు ఇట్టే తెలిసేది. కొల్లేట్లో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టేయించినప్పుడు వాళ్ల నాన్న చెరువూ పోయింది. డిగ్రీతో చదువు మాన్పించేస్తానని ఆయన గట్టిగా చెప్పేశాడు. ఇంటర్ కాలేజియేట్ కప్పు గెలిస్తే ఆ సర్టిఫికెట్‌తో స్పోర్ట్స్ కోటాలో వ్యాయామ విద్య సీటు వస్తుంది. ఆ పిల్ల ఆశంతా దాని మీదే.

ఫైనల్ తాడేపల్లిగూడెంలో. దానికి మూడు రోజుల ముందు పెద్దింట్లుకి జ్వరం తగులుకుంది. మర్నాటికి స్పృహ తప్పింది. ఏలూరులో ఆస్పత్రిలో చేర్పించారు. మెదడువాపు అన్నారు. డాక్టరుగారు ఏ మాటా ఇవ్వలేదు.

ఫైనల్ ముందురోజు సాయంత్రం జట్టంతా ఆస్పత్రి వరండాలో నిలబడి ఆడం అంటే ఆడం అన్నారు. ప్రిన్సిపాల్ ఫాదర్ నిర్ణయం నాకే వదిలేశారు. అప్పుడు పెద్దింట్లు వాళ్లమ్మ బయటికొచ్చింది.

"మీరిక్కడ నించుంటే జ్వరం దిగుద్దా అండీ మేడంగారూ? ఎంట్రీ ఫారంలో దీని పేరు కూడా ఉందంట గదండీ. గెలిస్తే దీనిక్కూడా కాయితం వస్తదంట గదా?"

"వస్తుందమ్మా," అన్నాను.

"అయితే వెళ్లి గెలిచి రండి. లేచాక అది అడిగితే నేనేం చెప్పనండీ?"

మర్నాడు పొద్దున్నే పాసింజర్ ఎక్కాం.

గూడెంలో ఎండ ఫెళ్లున కాస్తోంది. చుట్టూ జనం. పదిన్నరకి ఆట. స్కోరు బల్ల దగ్గర పదకొండు పేర్లు రాయించాను. పది దాటి ఇరవై నిమిషాలైందేమో, పిల్లలు గుండ్రంగా నిలబడ్డారు. ఎనిమిదో నంబరుకీ పదో నంబరు విమలకీ మధ్య మనిషి పట్టేంత చోటు వదిలారు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను.

ఒకటి దగ్గర మొదలై లెక్క ఎనిమిది దాకా వచ్చింది. ఆగింది.

"తొమ్మిది."

పెద్ద కేకేమీ కాదు. కాస్త బొంగురుగా, రోజూ గ్రౌండ్‌లో వినే గొంతే. ఆ వెంటనే విమల అలవాటుగా "పది" అనేసింది. పదకొండు, పన్నెండు కూడా అయిపోయాయి. అప్పుడుగానీ మాకు తెలియలేదు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను తలలు లెక్కపెట్టాను. పదకొండే.

స్కోరు బల్ల దగ్గరున్న అంపైర్ తలెత్తారు. ఆయన నల్లజర్ల వైపు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. మా వాళ్ల సంగతి ఆయనకేమీ తెలీదు.

"ఏవండీ మేడం, పదకొండు మందే అని రాయించారు కదండీ. ఇప్పుడు పన్నెండూ వినపడ్డాయి. తొమ్మిదో నంబరు కలపమంటారా?"

"వద్దండీ. ఆ అమ్మాయి రాలేదు."

"మరి తొమ్మిదన్నదెవరండీ?"

"పిల్లలెవరో అనుంటార్లెండి," అన్నాను. తెలిసి తెలిసి అబద్ధం చెప్పాను.

విజిల్ పడింది. మా పిల్లలు అంత నిబ్బరంగా ఆడటం నేను అంతకుముందు చూడలేదు. కింద పడాల్సిన బంతుల్ని కూడా లేపారు. మూడు సెట్లూ వరసగా గెలిచారు. ఆ గెలుపుని ఆ గొంతుకి ముడిపెట్టను. ఏడాది పొడుగునా తెల్లవారుజామున లేచి ఆడిన కష్టం అది.

తిరుగు రైల్లో పదకొండు మందినీ ఒక్కొక్కరినే తలుపు దగ్గరికి పిలిచి అడిగాను. నువ్వన్నావా? అనలేదు. విన్నావా? విన్నాను. ఎవరి గొంతు? అందరూ ఒకే పేరు చెప్పారు. విమల ఇంకో ముక్క కూడా చెప్పింది.

"నా పక్కనించే వచ్చింది మేడం. నాకేం భయమెయ్యలేదు. దాని మాట అయింది, ఇంక నేననాలి గదా అని అనేశాను."

చొక్కాలైనా మార్చుకోకుండా స్టేషన్ నుంచి తిన్నగా ఆస్పత్రికి వెళ్లాం. పెద్దింట్లు కళ్లు తెరిచి ఉంది. మమ్మల్ని చూసి నవ్వబోయింది గానీ ఓపిక చాల్లేదు. వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

డ్యూటీ నర్సు సంతోషంగా చెప్పింది. "పొద్దున ఉన్నట్టుండి నోరు తెరిచిందండీ. మొదట అన్న మాటేంటో తెలుసా? తొమ్మిది అంది. టైమెంతయిందని అడుగుతోందేమో అనుకుని, తొమ్మిది ఎప్పుడో అయిపోయిందమ్మా అన్నాను. మళ్లీ అనలేదు. కాసేపటికి మంచినీళ్లు అడిగింది."

కేస్ షీట్ చూపించమన్నాను. స్పృహ వచ్చిన సమయం నర్సు తన చేతిరాతతోనే రాసి పెట్టింది. పది గంటల ఇరవై నిమిషాలు.

గడియారాలు అటూ ఇటూ ఉండొచ్చు. జ్వరంలో ఉన్న పిల్ల తన నంబరు కలవరించొచ్చు. బెంగతో ఉన్న పదకొండు మందికి లేని గొంతు వినిపించిందన్నా ఒప్పుకుంటాను. నా చెవినైనా అనుమానిస్తాను. కానీ అంపైర్‌గారు పెద్దింట్లుని జన్మలో చూడలేదు, ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. ఆయన దగ్గరికి వచ్చేసరికి నా వాదన ఆగిపోతుంది.

నెల దాటాక పెద్దింట్లు గ్రౌండ్‌కి వచ్చింది. చిక్కి సగమైంది. మొదటి రోజు కదా, పక్కన కూర్చుని చూడమన్నాను. కూర్చుంది. కాసేపాగి తనంతట తనే ఆ మాట ఎత్తింది.

"మేడం, అందరూ నేనేదో గూడెం వచ్చానంటన్నారండీ. నేనెక్కడికీ రాలేదండీ."

"మరి?"

"మీరే వచ్చారు. అందరూ నా మంచం చుట్టూ నిలబడ్డారు. లెక్క చెబుతున్నారు. నా వంతు దగ్గర ఆగిపోయారండీ. నా వైపే చూస్తన్నారు. మీరు వెనకాల నించున్నారు. నేను అంటేగానీ మీరు కదలరనిపించింది. ఎంత గింజుకున్నా నాకు నోరు పెగలట్లేదు. ఆట ఆగిపోద్దని బలవంతాన అన్నానండీ."

ఆ సర్టిఫికెట్‌తోనే ఆమెకి సీటు వచ్చింది. ఇప్పుడు కైకలూరు వైపు ఒక బడిలో ఆటల టీచరు. ఎప్పుడైనా ఫోన్ చేస్తే వాళ్ల బడి పిల్లల గురించే చెబుతుంది గానీ ఆ రోజు మాట మా ఇద్దరిలో ఎవరం ఎత్తం.

ఆవేళ గ్రౌండ్‌లో మాత్రం ఆమె నా జవాబు కోసం చూసింది. ఏ విషయానికైనా ఏదో ఒక కారణం చెప్పే మేడం కదా, దీనికీ చెబుతుందనుకుంది. నేను లేచి వెళ్లి ఒక బంతి తెచ్చి ఆమె చేతికిచ్చాను. ఎలా జరిగిందో ఇవాళ అడిగినా నేను చెప్పలేను.