చింతమొద్దు దారి

ముప్పై ఒక్క ఏళ్లుగా ఆళ్లగడ్డలో ఉమామహేశ్వరమ్మ కట్టెల అడితికి పొద్దున్నే అందరికంటే ముందు వచ్చేది ఇస్సాకే. ఆమె తాళం తీయడానికి వచ్చేసరికి గొడ్డలి భుజాన వేసుకుని గేటు బయట నిలబడి ఉంటాడు. పలకరింపులూ గిలకరింపులూ ఏమీ ఉండవు. "ఈ పొద్దు ఎంతమ్మా?" అంటాడు. "ట్రాక్టరు లోడు" అంటుంది. అంతే, సాయంత్రానికి ఆ మొద్దులన్నీ చీలికలై గోడవారన పేర్చి ఉంటాయి. ఆ చుట్టుపక్కల పెళ్లివంటల కింద మండిన కట్టెలో సగం ఆ ఒక్క మనిషి చేతి మీదుగా పోయిందే.

అట్లాంటి మనిషి మొన్న ఉగాది దాటాక టీ గ్లాసు ఎడమచేత్తో అందుకున్నాడు. ఉమామహేశ్వరమ్మ కళ్లు మామూలు కళ్లు కావు.

"కుడిచేతికి ఏమైందప్పా?"

"ఏం కాలేదులేమ్మా."

ఏం కాకపోవడమేమిటి, నా మొహం! పట్టుబట్టి నంద్యాలలో ఎముకల డాక్టరుకు చూపిస్తే, భుజం కీలు అరిగిపోయిందనీ, ఇంకా గొడ్డలి ఎత్తితే అన్నం ముద్ద నోటిదాకా రాదనీ ఆయన తేల్చి చెప్పాడు. ఇస్సాకు తలూపాడు. తెల్లారి మళ్లీ గొడ్డలితో గేటు దగ్గర నిలబడ్డాడు.

ఉమామహేశ్వరమ్మకు ఆ రోజంతా అన్నం సయించలేదు. కోడలు చందన ఫోనులో వెదికి రెండు దారులు చూపించింది. ఒకటి, కట్టె చీల్చడానికనే చేసిన కొత్తరకం గొడ్డలి. తల బరువుగా, పక్కలు లావుగా ఉంటుంది. ఒక్క వేటుకే కట్టెను రెండువైపులా నెట్టేస్తుందట. రెండోది కరెంటు మిషను. మొద్దును పడుకోబెట్టి మీట నొక్కితే, ఇనుపదిమ్మె వెనకనుంచి నెట్టి ముందున్న బ్లేడుకేసి ఒత్తుతుంది.

"గొడ్డలైతే మళ్లీ ఎత్తాల్సింది ఆయనే గదత్తా" అంది చందన.

ఆ మాటతో ఉమామహేశ్వరమ్మ మిషనుకే ఓటు వేసింది. మంచి మిషన్ల రేట్లు వింటే కళ్లు తిరిగాయి గనుక, ఉన్నవాటిలో చవకదే చూద్దామని అత్తాకోడళ్లు నంద్యాల బస్సెక్కారు. అంగడాయన శివప్రసాద్ మర్యాదగా కుర్చీలు వేయించి, జామాయిల్ కట్టె ఒకటి మిషనులో పెట్టి మీట నొక్కాడు. దోసకాయ కోసినంత సులువుగా అది రెండుగా విడిపోయింది. వంకాయ కొనాలన్నా నాలుగువైపులా తిప్పి చూసే ఉమామహేశ్వరమ్మ, ఆ జామాయిల్ చూసి మురిసిపోయింది. ఏ ముడీ లేకుండా నిటారుగా పెరిగే కట్టె అది, దాన్ని చీల్చడం ఒక గొప్పా? నలభై ఏళ్లు కట్టెల వ్యాపారం చేసిన ఆమెకు ఆ మాత్రం తట్టలేదంటే ఏమనాలి.

మిషను అడితిలో దిగింది. ఇస్సాకు దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. గొడ్డలి తుడిచి, గోనెసంచిలో చుట్టి, "వస్తానమ్మా" అని వెళ్లిపోయాడు. నీ చేతి కోసమే తెచ్చినానని ఆమె చెప్పలేదు. నా పని పోయినట్టేనా అని అతనూ అడగలేదు. ఇద్దరూ ఇద్దరే! మనసులో ఉన్నది బయటపెడితే నోటి ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటారు.

మరునాడు అతను రాలేదు. ఆ మరునాడూ రాలేదు. అదే రోజు అహోబిలంలో అన్నదానాలకు వంటలు చేయించే కృష్ణస్వామి ఫోను చేసి, ఎల్లుండికి ట్రాక్టరు నిండా చింతకట్టె కావాలన్నాడు. చింత నిప్పు నిదానంగా నిలుస్తుందని ఆయనకు ఇంకో కట్టె పనికిరాదు.

చందన చింతమొద్దును మిషనులో పెట్టింది. దిమ్మె వచ్చి ఒత్తింది. మొద్దు కదల్లేదు. మోటారు మూలిగింది, కమురు వాసన వచ్చింది. ఇంకోటి పెట్టింది. బ్లేడు రెండు వేళ్ల లోతు దిగి అక్కడే ఇరుక్కుపోయింది. శివప్రసాద్‌కు ఫోను చేస్తే, "చింతకట్టె అని మీరు ముందు చెప్పలేదు గదమ్మా" అన్నాడు.

ఉమామహేశ్వరమ్మ ఆటో ఎక్కి చర్చి వెనక వీధిలో ఇస్సాకు ఇంటికి వెళ్లింది. అతను అరుగు మీద సంచి సర్దుకుంటున్నాడు.

"యాడికి?"

"బేతంచెర్లకు. బండల ఫ్యాక్టరీలో వాచ్‌మన్ పని ఉండాదంట. రేపు పోతాండా."

ఆమె ఆ సంచి వంకే చూసింది. ఈ వయసులో, బండల దుమ్ములో, కర్ర పట్టుకుని గేటు దగ్గర కూర్చుంటాడా?

"నాకొక మాట చెప్పల్ల గదా?"

"మిషను తెచ్చినావు గదమ్మా. ఇంగ నాతో పనేముంది?"

"చెయ్యి పడిపోతాదని తెచ్చినా, నిన్ను పంపించేకి కాదు" అందామె. కోపంగానే అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, అది వేరే సంగతి. "ఆ మిషనుకు చింతమొద్దు లొంగడంల్యా. వచ్చి చూడు."

ఇస్సాకు గొడ్డలి ముట్టలేదు. ఉత్తచేతులతో ఆటో ఎక్కాడు.

అడితికి వచ్చి, ఇరుక్కున్న మొద్దును చందన చేత వెనక్కి లాగించి, దాని ముందు చతికిలబడ్డాడు. రంపంతో కోసిన ముఖం మీద ఎడమ అరచెయ్యి ఆనించి మెల్లగా తిప్పాడు. "చెంబెడు నీళ్లియ్యి పాపా" అని ఆ ముఖం మీద పోశాడు. పోసి, ఊరికే కూర్చున్నాడు. అయిదు నిమిషాలు గడిచాయి. ఎండకు తడి ఆరిపోసాగింది. అప్పుడు చూసింది ఉమామహేశ్వరమ్మ. మొద్దు ముఖమంతా తెల్లబారినా, వెంట్రుకంత సన్నపు గీతలు మూడు మాత్రం నల్లగా మిగిలిపోయాయి.

"పగులున్న తావున నీళ్లు లోపలికి దిగుతాయి. ఆడ తడి బేగా ఆరదు" అన్నాడు ఇస్సాకు. "అదే దీని దారి. నడుమ పెట్టి ఒత్తితే గంటు, కొమ్మ మొలిచిన ముడి, అడ్డమొస్తాది. అంచు నుంచి పలక పలక తీసుకుంటా రావల్ల. చెట్టు కొనవైపుండే ఈ ముఖం బ్లేడుకు పెట్టు. ఇంకొంచెం పక్కకు. ఆఁ, ఆ గీత మీదికి."

చందన మీట నొక్కింది. మిషను మూలగలేదు. ఫెళ్లుమని అంచు ఊడి పడింది. తిప్పమన్నాడు, తిప్పింది. ఇంకో పలక. మళ్లీ ఇంకోటి. చివరికి నడుమ గంటు ఒక్కటే మిగిలితే, దాన్నీ తలకిందులుగా పెట్టించాడు. రాయిలాంటి ఆ గంటు నోరు తెరిచినట్టు రెండుగా విచ్చుకుంది. లోపల ఎర్రటి చేవ, పుల్లటి వాసన.

ఉమామహేశ్వరమ్మ ఆ చీలికను చేతిలోకి తీసుకుంది. ఔరా! పనివేళ నీళ్లు పోసి కూర్చుంటావేందప్పా అని ఈ మనిషిని తాను ఎన్నిసార్లు కసురుకుంది! బలముంది గనుక చీలుస్తున్నాడనుకుంది ఇన్నాళ్లూ. చెట్టు బతికినన్నాళ్లూ తన లోపల దాచుకున్నదాన్ని చెంబెడు నీళ్లతో చదువుతున్నాడని ఎవరనుకుంటారు? దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా ఆమె గుండె ఇట్లా కొట్టుకోలేదు.

పొద్దు వాలేసరికి సగం లోడు చీలింది. ఇస్సాకు భుజం ఒక్కసారీ లేవలేదు.

"పాపా, బేతంచెర్లకు ఫోను కలుపు. రేపు రానని చెప్పల్ల" అన్నాడు.

అతను ఫోను మాట్లాడి వచ్చి కూర్చున్నాక ఉమామహేశ్వరమ్మ అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"ముప్పై ఏళ్లు ఈ సంగతి నాకెందుకు చెప్పలా ఇస్సాకూ?"

అతను నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట అన్నాడు.

"నువ్వెప్పుడూ అడగల్యా గదమ్మా. ఎన్ని కట్టెలైనాయనే అడిగినావు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, కట్టెపొట్టులోనే అతని పక్కన కూర్చుంది.

"ఇప్పుడడుగుతాండా. చెప్పు."

ఇస్సాకు ఎడమచేత్తో ఇంకో మొద్దును ఆమె ముందుకు దొర్లించాడు.